సత్తవ్వా, కోడి!

నేను ఒక మెమరీ కార్డును. చిటికెనవేలి గోరంత ఉంటాను. కింద పడితే చీపురుకు దొరుకుతాను తప్ప కంటికి దొరకను. అంతమాత్రాన నన్ను తీసిపారేయకండి. సిరిసిల్లలో ఒక వాడ వాడంతా ఇవాళ్టికీ ఒక పాటలో ఒకచోట ఆగి నవ్వుతుందంటే, దాని వెనక నేనున్నాను. సొంత డబ్బా కొట్టుకుంటున్నానంటారా? అనుకోండి. ముందు వినండి.

నా పుట్టుక అంత గొప్పదేం కాదు. సముద్రాల అవతల ఏదో కార్ఖానాలో పుట్టాను. నా వీపు మీద ఒక పెద్ద కంపెనీ పేరు ఉంటుంది, ఆ కంపెనీకి నేనెవరో తెలియదు. ఎనిమిది జీబీ అని అచ్చు వేశారు, లోపల ఉన్నది అందులో సగమే. సిగ్గేం లేదు నాకు. పెళ్లిచూపుల్లో చెప్పే జీతాలు మాత్రం అన్నీ నిజమా ఏమిటి? నాలాంటి వాళ్లం ఒక సంచిలో కుప్పగా పడి, ఊళ్లు దాటి, చివరికి సిరిసిల్ల బస్టాండు పక్కన వేముల సదానందం మొబైల్ షాపులో అద్దాల బల్ల కింద తేలాం.

ఆ రోజులే రోజులు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. అప్పట్లో పాట గాల్లోంచి ఫోన్లోకి దానంతటది వచ్చేది కాదు. ఎక్కించుకోవాలి. బస్సులోకి మనుషుల్ని ఎక్కించినట్టు, సదానందం తన కంప్యూటర్ ముందు కూర్చుని మాలోకి పాటలు ఎక్కించేవాడు. జనం వచ్చి, పెండ్లి పాటలు ఎక్కియ్యమనేవారు, ఏడుపు పాటలు ఎక్కియ్యమనేవారు. ఒకాయన మా ఆవిడకు వినపడకుండా వినే పాటలు కావాలని అడిగాడు, అవేమిటో నాకు నేటికీ అర్థం కాలేదు. ఇవన్నీ ఎవరి పాటలో, ఎవరిని అడిగి తెచ్చాడో ఎవరూ అడగలేదు. ఒకసారి కాలేజీ కుర్రాడొకడు, ఇది తప్పు కదన్నా అంటే సదానందం నవ్వాడు.

"పాటకు ఓనరేందిరా? వానకు ఓనరుంటడా?"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. పనికొస్తుంది.

నన్ను కొన్నది ఇద్దరు యారాండ్లు. అంటే అన్నదమ్ముల భార్యలు, తోటికోడళ్లు. పెద్దది దేవవ్వ, చిన్నది సత్తవ్వ. ఒకే వాకిలి, రెండు ఇళ్లు. మగవాళ్లు సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవారు, వీళ్లు గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఇద్దరూ కలిసి ఒక మీటల ఫోను కొన్నారు, అందులోకి నన్ను కొన్నారు. కాబట్టి నాకు యజమానులు ఇద్దరు. కవరు చింపారు, నన్ను లోపలికి తోశారు, అంతే. ఒప్పుకుంటున్నాను అని ఎవరూ ఏ మీటా నొక్కలేదు. కొన్న వస్తువు కొన్నవాళ్లదే అనుకునే కాలం అది.

యారాండ్లంటే ఒకరినొకరు పొడుచుకు తింటారని లోకం అనుకుంటుంది. వీళ్లు కూడా తిట్టుకునేవారు, బాగానే తిట్టుకునేవారు. కానీ ఒకరు చుట్టడం ఆపితే రెండోది చుట్టలేకపోయేది. దేవవ్వకు గొంతు ఉంది. బతుకమ్మ ఆడేటప్పుడు మధ్యలో నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. సత్తవ్వకు గొంతు లేదు, నవ్వు ఉంది. ఆ నవ్వు గురించి చెప్పాలి. బోరింగు కొడితే నీళ్లు వచ్చేముందు గుర్రుగుర్రుమంటుంది చూశారా, ముందు అలా ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చేది. ఆ తర్వాత ఒక్కసారిగా దబదబా పడేది. ఆ నవ్వు విని మూడిళ్ల అవతల పసిపిల్లలు నిద్ర లేచేవారు. సత్తవ్వ కూతురు రవళికి ఆ నవ్వంటే చచ్చేంత సిగ్గు. బడికి వచ్చినప్పుడు నవ్వొద్దని తల్లి దగ్గర ఒట్టు వేయించుకుంది.

ఒకరోజు సత్తవ్వకు పట్టుదల వచ్చింది. ఏటా చప్పట్లు కొట్టడమేనా, ఈసారి నేనూ పాడతాను, నీ పాట ఫోన్లో పట్టుకుని రోజూ విని నేర్చుకుంటానని కూర్చుంది. దేవవ్వ కాసేపు బెట్టు చేసి, చాట పక్కన పెట్టకుండానే ఎత్తుకుంది. వెనక సాంచల చప్పుడు టకటకా పడుతూనే ఉంది.

"తునికాకు తడిపితీ ఉయ్యాలో
తూరుపూ ఎర్రనాయె ఉయ్యాలో
బీడీ సుట్టావచ్చె ఉయ్యాలో
బతుకు సుట్టా రాదు ఉయ్యాలో"

ఎంత బాగా పాడిందంటే, నాలో అప్పటికే కూర్చుని ఉన్న సినిమా పాటలన్నీ సర్దుకుని చోటిచ్చాయి. సరిగ్గా అక్కడ, వాకిట్లో ఆరబోసిన నూకల మీదికి కోడి వచ్చింది. దేవవ్వ రాగం తెంపకుండా, అదే ఎత్తులో, అదే సాగదీతతో కేకేసింది.

"సత్తవ్వా, కోడీ!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బోరింగు గుర్రుమంది. సత్తవ్వ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, "బతుకమ్మ పాటల కోడిని గూడ వెట్టినవా అక్కా" అంది. దేవవ్వ కోడిని కాళ్లిరగ అని తిట్టింది. తిడుతూ తనూ నవ్వింది. నూకలు ఎన్ని పోయాయో తెలియదు గానీ ఆ ముక్క మొత్తం నాలో పడిపోయింది.

మళ్లీ పాడితే సరిగ్గా వచ్చేదే. పాడలేదు. సత్తవ్వ ఒప్పుకోలేదు, ఇదే బాగుందంది. పని చేస్తూ అదే పెట్టుకునేది. తన నవ్వు వచ్చేచోటికి రాగానే మళ్లీ నవ్వేది. ఫోన్లో ఒక సత్తవ్వ, గడపలో ఒక సత్తవ్వ. పాట మాత్రం ముక్క కూడా నేర్చుకోలేదు.

కొన్నాళ్లకు కొత్త పాటల కోసం నన్ను సదానందం దగ్గరికి తీసుకెళ్లారు. అతను విని మెచ్చుకుని, తన కంప్యూటర్లో జానపదం అనే ఫోల్డర్లో ఒక కాపీ వేసుకున్నాడు. వీళ్లకు తెలుసు, వద్దనలేదు. పైగా దేవవ్వ కొంచెం మురిసింది. అక్కడి నుంచి అడిగినవాళ్లకల్లా ఎక్కించాడు. ట్రాక్టర్లలో మోగింది, లారీల్లో మోగింది. నా పాట నన్ను వదిలి ఊరేగింపుకు పోయింది. నేను మాత్రం ఆ వాకిట్లోనే ఉన్నాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు సత్తవ్వ పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తేలేదు. చివరిచూపు దేవవ్వకు దక్కలేదు. నా సొంత మాటల్లో ఇంతకంటే చెప్పలేను. దేవవ్వ ఫోను ఆపేసింది. ఆ ఏడు బతుకమ్మ పేర్చింది గానీ పాట ఎత్తుకోలేదు, మరుసటేడూ ఎత్తుకోలేదు. ఫోను పెట్టెలో పడి బ్యాటరీ ఉబ్బి చచ్చింది. నన్ను బయటికి తీసి కుంకుమ డబ్బీలో వేసింది. వినలేదు, పారేయలేదు. మనుషులు ఇలా చేస్తారు.

రవళి చదువు ముగించి కరీంనగర్లో ఒక పెద్ద బట్టల షాపులో చేరింది. అక్కడ ఆడపిల్లలకు నవ్వు కూడా నేర్పుతారట. పళ్లు కనిపించాలి, చప్పుడు రాకూడదు. ఆ పిల్ల మొదటి పండక్కి పెద్దమ్మకు ఒక కొత్త ఫోను తెచ్చింది. అద్దంలా ఉంది. దేవవ్వ కుంకుమ డబ్బీ లోంచి నన్ను తీసి ఇచ్చింది. రవళి ఫోనును అటు తిప్పింది, ఇటు తిప్పింది. నాకు సందు లేదు.

"ఇప్పుడు కార్డులెవరూ వాడరు పెద్దమ్మా, అన్నీ ఆన్‌లైన్లనే ఉంటయ్," అని సర్దిచెప్పింది. అదే పండక్కి తను కొనుక్కున్న సినిమాలు చూపిద్దామని ఏదో యాప్ తెరిస్తే, ఆ యాప్ మూతపడిందని, సినిమాలు ఇక లేవని వచ్చింది. డబ్బులు పెట్టి కొన్నానే అని పిల్ల లబోదిబోమంది. దేవవ్వకు అసలు సంగతి బోధపడలేదు. ముంత కొంటే ముంత మనింట్లోనే ఉంటుంది కదా, దుకాణం మూసేస్తే ముంత ఎలా పోతుందని అడిగింది. రవళి ఆ యాప్ మూసేసింది. నేను మళ్లీ కుంకుమలోకి పోయాను.

ఇక విచిత్రం వినండి. ఒకరోజు రవళి పరుగున వచ్చి పెద్దమ్మ చెవి దగ్గర ఫోను పెట్టింది. డుబుక్ డుబుక్ అని ఒకటే మోత. ఆ మోత కింద టకటకా సాంచ. దాని మీద దేవవ్వ గొంతు. బతుకు సుట్టా రాదు ఉయ్యాలో అనగానే ఒక క్షణం అంతా ఆగి, ఒక్కసారిగా, "సత్తవ్వా, కోడీ! సత్తవ్వా, కోడీ! సత్త సత్త సత్తవ్వా, కోడీ!"

డీజే పాట. హైదరాబాద్‌లో ఎవరో కంపెనీవాళ్లు చేశారు. లక్షల మంది చూశారట. బరాత్‌లలో పెళ్లికొడుకులు ఆ కోడి దగ్గర గుర్రం దిగి మరీ ఎగురుతున్నారట. కింద జనం రాసిన మాటలు రవళి చదివి వినిపించింది. ఒకాయన సత్తవ్వ అంటే సత్యమనీ, కోడి అంటే జీవుడనీ, వెనక టకటకలాడేది ప్రపంచమనీ రాశాడు. ఇంకొకాయన అది తప్పు, సత్తవ్వ ఒక మరిచిపోయిన గ్రామదేవత అన్నాడు. ఇద్దరూ పేజీలకు పేజీలు తిట్టుకున్నారు. కుంకుమ డబ్బీలో నవ్వలేక చచ్చాను. అది వట్టి కోడి బాబూ, గోధుమరంగు పెట్ట, పక్కింటివాళ్లది!

దేవవ్వ నవ్వలేదు. మళ్లీ పెట్టమంది. మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. కోడి దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టేది. డుబుక్ డుబుక్ అని మోత అందుకునేది. చివరికి అడిగింది.

"సత్తవ్వ నవ్వు ఏది బిడ్డా?"

లేదు. కోసేశారు.

అప్పుడు బయటికి తీశారు నన్ను. సదానందం షాపులో ఇప్పుడు పాటలు ఎక్కించడం లేదు, ఫోన్లకు కవర్లు అమ్ముతున్నాడు. జానపదం ఫోల్డరున్న పాత కంప్యూటర్ ఎప్పుడో పాత ఇనుప సామాన్లవాడికి పోయింది. కొత్త కంప్యూటర్లో నన్ను పెట్టాడు. దానికి నా మొహం నచ్చలేదు. ఈ కార్డు చదవడం రావట్లేదు, ఫార్మాట్ చేయనా అని అడిగింది. సదానందం అలవాటు కొద్దీ మీట మీద వేలు పెట్టాడు. ఫార్మాట్ అంటే ఏందని దేవవ్వ అడిగింది. అంతా తుడిచి కొత్తగా చేసుడు అన్నాడు.

దేవవ్వ అతని చెయ్యి పట్టుకుంది. బీడీలు చుట్టిన వేళ్లు, పట్టు మామూలుగా ఉండదు.

"తుడువకు సదానందం. దాంట్ల మనిషున్నది."

నేను భయపడ్డానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు. సదానందం మీట మీది వేలు తీసేశాడు. చచ్చిన ఫోన్లన్నీ పడేసిన సొరుగు లాగి, వెతికి వెతికి ఒక మీటల ఫోను తీశాడు. అచ్చం మా పాతదానిలాంటిదే, మీటల మీద అంకెలు అరిగిపోయాయి. బ్యాటరీ ఇంకోదానిది పెట్టాడు. నన్ను తోశాడు. నా బలమంతా కూడదీసుకున్నాను. ఎన్ని పాటలు పాడైపోయాయో నాలో, చాలా పోయాయి. కానీ అది ఉంది. సాంచ, తునికాకు, తూరుపు, కోడి, ఒక క్షణం మౌనం, బోరింగు.

షాపులో సత్తవ్వ నవ్వింది.

దేవవ్వ ఫోను వంక చూసి, వాకిట్లో కూర్చున్నట్టే, నవ్వకే, నూకలు పోతున్నయ్ అని గదిమింది. గదిమి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. రవళి అద్దాల బల్ల మీద తల పెట్టేసింది. సదానందం అటు తిరిగి, అవసరం లేని కవర్లన్నీ సర్దాడు.

ఆ ఫోను పక్కన కొత్త ఫోను పెట్టి రవళి ఆ పాట మొత్తం పట్టుకుంది. మా పెద్దమ్మ పాడిన అసలు పాట ఇది, నవ్వేది మా అమ్మ అని రాసి ఆన్‌లైన్లో పెట్టింది. పొద్దుగూకేలోపు తీసేశారు. మీరు పెట్టిన పాట వేరొకరి సొత్తు అని నోటీసు. నోటీసు పంపింది మనిషి కూడా కాదట, ఒక యంత్రం. రెండు పాటలు పక్కపక్కన పెట్టి ఒకటే గొంతని కనిపెట్టిందట. గొంతు ఎవరిదో కనిపెట్టలేకపోయింది. మా జాతి తెలివి అంతే.

సదానందానికి కోపం నషాళానికంటింది. ఒకరి పాట ఇంకొకడు ఎట్లా ఎత్తుకుపోతాడు, చట్టం లేదా అని బజారంతా వినపడేలా అరిచాడు. వానకు ఓనరుంటడా అన్న పెద్దమనిషే. నాకు అతని మీద జాలి వేసింది. నాలో ఉన్న సినిమా పాటల్లో ఒక్కటైనా ఎవరినైనా అడిగి ఎక్కించినది కాదు, ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. కానీ ఒక తేడా ఉంది. అతను ఎవరి పాటనూ ఎవరి దగ్గరా లేకుండా చేయలేదు.

రవళి కంపెనీకి రాసింది, మళ్లీ రాసింది. చివరికి ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే. ఆ ఫోను గడప మీద పెట్టారు, నేను దేవవ్వ కొంగు ముడిలో ఉండి విన్నాను. ఎవరో డీజే అబ్బాయి తన పాటేనని రాసిచ్చి అమ్మాడట. పొరపాటు జరిగినట్టుంది, అమ్మ పేరు కింద వేస్తాం, ఎంతో కొంత ఇస్తాం, కానీ మీరు పెట్టినది మాత్రం తిరిగి రావడం మా చేతుల్లో లేదు, యంత్రం ఒప్పుకోదు అన్నాడు. ఆ కోడి ముక్కకే పాట హిట్టయిందని ఆనందంగా చెప్పాడు కూడా. దేవవ్వ మాట్లాడతానంది.

"పాట నాది గాదు కొడుకా. మా అవ్వ రాగం, అండ్ల నాలుగు మాటలు నేను వెట్టిన. నువ్వు గూడ పాడుకో, నాకేం లేదు. గని మా సత్తవ్వ నవ్వింది గద, అదెందుకు కోసిన్రు?"

అవతల ఆయన ఏవో మీటలు నొక్కుతున్న చప్పుడు వినపడింది. ఆయనకు గుర్తు రావాలి కదా.

"నవ్వా? అది నాయిస్ అమ్మా. క్లీన్ చేసేసినం."

నాయిస్ అంటే ఏందని దేవవ్వ రవళిని అడిగింది. పనికిరాని సప్పుడు పెద్దమ్మా అని ఆ పిల్ల చెప్పింది. చెప్పి ఫోను పెట్టేసింది. నవ్వొద్దని తల్లి దగ్గర ఒట్టు వేయించుకున్న పిల్ల కదా, ఏం గుర్తొచ్చి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత నేనూ సరిగ్గా పలకలేదు. ఒకరోజు తెరుచుకుంటాను, ఒకరోజు తెరుచుకోను. సదానందం ఇంకెన్నాళ్లో ఉండదన్నాడు. రవళి పట్టుకున్న కాపీ ఉంది గానీ, ఆ ఫోన్లో ఏది ఎప్పుడు ఎవరిది కాకుండా పోతుందో దేవవ్వకు నమ్మకం లేదు. ముంత సంగతి ఆమె మరిచిపోలేదు. నన్ను కొంగుకే కట్టుకుని తిరిగింది.

సద్దుల బతుకమ్మ వచ్చింది. కుర్రాళ్లు వాడ మధ్యలో పెద్ద పెద్ద సౌండు డబ్బాలు పెట్టి ఆ డీజే పాటే వేశారు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలన్నీ ఆ మోతకు వణుకుతున్నాయి. దేవవ్వ వెళ్లి, తిట్టలేదు, కొద్దిసేపు బంద్ పెట్టుమని అడిగింది. పెట్టారు. సత్తవ్వ పోయాక మొదటిసారి ఆమె మధ్యలో నిలబడి ఎత్తుకుంది. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు అందుకున్నారు. కొంగు ముడిలోంచి నాకేం కనిపించదు, అంతా వినిపిస్తుంది. తునికాకు అయింది, తూరుపు అయింది. బతుకు సుట్టా రాదు ఉయ్యాలో అంది.

ఆ డీజే పాటే తెలిసిన చిన్నపిల్లలు, పాటంటే అదే అనుకుని, గొంతు చించుకుని అరిచారు.

"సత్తవ్వా, కోడీ!"

దేవవ్వ ఆగిపోయింది. అక్కడ ఆగడం ఆమెకు అలవాటు. చప్పట్లు ఆగాయి. మోత అందుకుంటుందని పిల్లలు ఎదురు చూస్తున్నారు, డబ్బాలు బంద్ ఉన్నాయి. ఆ ఖాళీలో ఏమీ లేదు. నేను లోపల గింజుకున్నాను. నాలోనే ఉంది, ఇదిగో ఇక్కడే ఉంది, కానీ నాకు నోరు లేదు కదా.

అప్పుడు బోరింగు గుర్రుమంది.

రవళి. ముందు ముక్కులోంచి, తర్వాత దబదబా. అచ్చం తల్లి నవ్వు. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందేమో, వేళ్ల సందుల్లోంచి బయటపడింది. దేవవ్వ నన్ను కట్టిన ముడిని పిడికిట్లో పట్టుకుంది. "మళ్ల నవ్వు బిడ్డా" అంది. రవళి మళ్లీ నవ్వింది. ఒకావిడ అందుకుంది, ఇంకొకావిడ అందుకుంది, వాడంతా నవ్వింది, ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. తర్వాత దేవవ్వ నవ్వకండే, నూకలు పోతున్నయ్ ఉయ్యాలో అని రాగంలో పెట్టి పాట ముందుకు తీసుకుపోయింది.

ఇదంతా జరిగి చాన్నాళ్లయింది. నేను ఇప్పుడు ఏ ఫోన్లోనూ తెరుచుకోను. కుంకుమ డబ్బీలో ఉంటున్నాను, ఎర్రగా, తీరిగ్గా. ఆ ఆన్‌లైన్ పాట మీద సత్యమా, గ్రామదేవతా అని ఇంకా కొట్టుకుంటున్నారట. కంపెనీవాళ్లు కింద దేవవ్వ పేరు వేశారు గానీ ఒక అక్షరం తప్పు రాశారు.

మా వాడలో మాత్రం ఏటా బతుకమ్మకు ఆ పాట వస్తుంది. కోడి దగ్గర అందరూ ఆగుతారు, ఆగి నవ్వుతారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు ఎందుకు నవ్వాలో తెలియదు. పాటలో ఉంది కదా అని నవ్వుతారు.